పొడి వెయ్యని మడి

సిద్ధిరాములుకు కోపం వస్తే ముందు చెయ్యి లేచేది, మాట తరువాత వచ్చేది. ఎల్లారెడ్డి నుంచి నిజాంసాగర్ వైపు పోయే దారిలో, వాగు ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. పాతికేళ్ల వయసులో కామారెడ్డి కల్లు కాంపౌండులో తన జాగాలో కూర్చున్నాడని ఒక హమాలీ దవడ విరగ్గొట్టాడు. బోరు మోటారు స్టార్టరు మొరాయించిందని ఒకసారి దాన్ని గడ్డపారతో ముక్కలు చేశాడు. భార్య విమలమ్మ ఒంటి మీద ఎప్పుడూ ఏదో ఒక దెబ్బ మానుతూ ఉండేది. కూతురిని బీబీపేటకు ఇచ్చి పంపాక ఇంట్లో ఇద్దరే మిగిలారు. విమలమ్మ మధ్యాహ్నాలు అరుగు మీద బీడీలు చుట్టేది. మొగుడు వాకిట్లోకి వచ్చే అడుగుల చప్పుడును బట్టి ఆ పూట నోరు విప్పాలో వద్దో తేల్చుకునేది.

అతని అన్న గంగారాం వేరే రకం మనిషి. ఎవరి మీదా చెయ్యి చేసుకోడు. కానీ తమ్ముడికి ఎక్కడ మండుతుందో ఆయనకు బాగా తెలుసు. ఒక మాట అక్కడ వేసి, ఏమీ ఎరగనట్టు తువ్వాల దులుపుకొని పోయేవాడు.

తండ్రి పోయాక పొలం పంచుకున్నారు. పై మడులు అన్నకు, కింది మడులు తమ్ముడికి వచ్చాయి. నడుమ హద్దుగా మట్టి గెట్టు. ప్రతి ఏడూ నాట్ల ముందు గెట్టు చెక్కే పేరుతో అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు పారతో ఇంత మట్టి తమ వైపు లాక్కునేవాళ్లు. ఎద్దు నడిచిన గెట్టు మీద చివరికి మనిషి నడవడమే కష్టమైంది. ఆ గెట్టు మీద వాళ్లు తిట్టుకోని వానాకాలం లేదు.

నిరుడు ఎండాకాలంలో మానస అనే అమ్మాయి ఆ ఊరికి వచ్చింది. భిక్నూర్ పిల్ల. వ్యవసాయం చదివి, రాతిపొడిని పొలాల్లో చల్లి ఏమవుతుందో చూసే ఒక సంస్థలో పని చేస్తోంది. బడి వరండాలో రైతులను కూర్చోబెట్టి, బిచ్కుంద అవతల దొరికే నల్లరాయిని మెత్తగా దంచి మడుల్లో వేస్తామని, వేసినందుకు రైతు ఏమీ ఇవ్వనక్కర్లేదని చెప్పింది.

"మా పొలంల రాళ్లు ఏరలేక చస్తున్నం. మళ్లా నువ్వు రాళ్లు తెచ్చి పోస్తనంటున్నవు" అన్నాడు సిద్ధిరాములు. అందరూ నవ్వారు. మానస కూడా నవ్వింది.

"ఊరికే కాదు కాకా. గాలిల బొగ్గుపులుసు వాయువు ఎక్కువైతుంది. బండ్ల పొగ, ఫ్యాక్టరీల పొగ. దానివల్లనే ఎండలు ముదురుతున్నయ్. ఆ వాయువును రాయి పట్టుకుంటది."

"రాయి ఎట్ల పట్టుకుంటది?"

"వాన పట్టిస్తది" అంది మానస. "ముందు రాయిని చూద్దాం రండి, ఆ తర్వాత చెప్తా."

నమ్మకం కుదరాలంటే కళ్లతో చూపించాలని ఆమె అనుకుంది. ఒక జీపు మాట్లాడి అన్నదమ్ములతో పాటు మరికొందరు రైతులను బిచ్కుంద దాటి క్వారీకి తీసుకుపోయింది. అక్కడ నేల రంగే మారిపోయింది. తమ వైపు గుట్టలు తెల్లగా, ఎర్రగా, గుండ్రటి బండలుగా ఉంటాయి. ఇక్కడ గోడలు కట్టినట్టు నిలువునా పగిలిన నల్లటి రాయి. వేళ్లు రెండు పోయిన ఒక బక్క మనిషి రాతి బొక్కల్లో పేలుడు మందు కూరి, తీగలు చుట్టుకుంటూ వెనక్కి వచ్చాడు. అందరినీ రేకుల షెడ్డు చాటుకు తోసి, "పళా! పళా!" అని మరాఠీలో కేక వేశాడు. పరుగెత్తండి అని.

నేల ఒక్కసారి కిందినుంచి తన్నింది. కొండ ముఖం ఉబ్బి, విరిగి, నల్లటి పొగలో కూలింది. రాళ్లు షెడ్డు మీద టపటపా పడ్డాయి. పొగ తగ్గాక ఎవరో ఏడుస్తున్న చప్పుడు వినబడింది. జెండా పాతిన హద్దు అవతల మేస్తున్న ఒక మేకకు ఎగిరొచ్చిన రాయి తగిలింది. నడుము విరిగి, ముందు కాళ్లతో ఈడ్చుకుంటూ తిరుగుతోంది. మేకల మనిషి నెత్తి కొట్టుకుంటున్నాడు. మందు కూరిన మనిషి పోయి, మేక తలను మోకాలి కింద నొక్కిపెట్టి కత్తి దింపాడు.

గంగారాం షెడ్డు పక్కకు పోయి కక్కుకున్నాడు. సిద్ధిరాములు మాత్రం కదలకుండా ఆ కూలిన కొండ వైపే చూస్తూ నిలబడ్డాడు. తనకంటే పెద్ద కోపాన్ని అతను ఆ రోజే మొదటిసారి చూశాడు.

తిరుగుదారిలో బిచ్కుంద బస్టాండు దగ్గర మానస అందరికీ సోడాలు కొట్టించింది. బుడగలు పొంగుతున్న సీసా ఎత్తి పట్టుకుంది.

"ఈ బుడగలున్నయ్ గదా, అదే ఆ వాయువు. ఉత్త నీళ్లల్ల కలిస్తే నాలుక మీద జర చురుక్కుమంటది, పుల్లగైతది. వాన చినుకు కూడ అంతే. మీదినుంచి పడేటప్పుడు గాలిల ఉన్న ఆ వాయువును కలుపుకొని వస్తది. మట్టిల వేర్లు వదిలేది ఇంకా ఎక్కువ. ఆ పుల్లనీళ్లు రాయిని తింటయ్."

"వాన రాయిని తింటదా?" అన్నాడు గంగారాం.

"తింటది పెదనాయనా. శానా మెల్లగ తింటది. తిన్నప్పుడు రాళ్ల ఉన్న సున్నం, మెగ్నీషియం నీళ్లల్లకు దిగుతయ్. ఆ వాయువు రూపు మారి నీళ్లల్ల కరిగిపోతది. ఇగ మళ్లా గాలిలకు పోదు. మీ మడిలకెల్లి వాగుల, వాగులకెల్లి మంజీరల, అక్కణ్నుంచి గోదావరి, సముద్రం. సముద్రంల వేల ఏండ్లు ఉంటది. అక్కడ గవ్వలు, నత్తలు ఆ సున్నంతోని గుల్లలు కట్టుకుంటయ్. అవి చచ్చి అడుగున పడి మళ్లా రాయి అయితయ్."

"అంటే గాలి రాయి అయితదన్నట్టు."

"అయితది. అగ్నిపర్వతాలు మండినప్పుడు మళ్లా గాలి అయితది. కోట్ల ఏండ్లసంది ఇదే నడుస్తుంది. భూమి వేడెక్కితే వానలు ఎక్కువైతయ్, రాయి ఎక్కువ కరుగుతది, వాయువు తగ్గుతది, భూమి సల్లబడ్తది. కానీ మనం వదిలే పొగకు ఆ నడక సరిపోతలేదు. అందుకే రాయిని పిండి చేస్తున్నం. బండ కంటే పిండికి వాన తొందరగ అందుతది."

"మరి మా ఊరి గుట్టలనే దంచొచ్చు గదా?" అని అడిగాడు సిద్ధిరాములు.

"మీ గుట్టల రాయి మొండిది కాకా. కరగనీకి శానా కాలం పడ్తది. దాంట్ల సున్నం గూడ తక్కువ. ఇది ఒకప్పుడు భూమిలకెల్లి మంటలెక్క పారి సల్లారిన రాయి. తొందరగ లొంగుతది."

లారీ తాగే డీజిలు సంగతి ఏమిటని ఇంకొకరు అడిగితే, ఆ పొగంతా లెక్కలోంచి తీసివేశాకే లాభం చూస్తామని చెప్పింది. ఆమె చెప్పినదాంట్లో సిద్ధిరాములుకు సగం అర్థమైంది. వాన రాయిని తింటుందన్న మాట మాత్రం గుర్తుండిపోయింది.

చిక్కు ఆ తరువాత వచ్చింది. పొడి వేసిన మడికి, వెయ్యని మడికి తేడా తెలియాలంటే రెండూ పక్కపక్కనే ఉండాలి. ఒకే నేల, ఒకే నీరు. అన్నదమ్ముల మడులు అందుకు సరిగ్గా సరిపోయాయి. ఎవరిది ఏదన్నది తాను నిర్ణయించనని మానస రూపాయి బిళ్ల ఎగరేసింది. బొమ్మ పడితే గంగారాం మడికి పొడి. బొమ్మే పడింది.

"వచ్చే ఏడు మీ మడిల కూడ వేస్తం కాకా" అంది మానస.

సిద్ధిరాములు సరే అనేవాడే. కానీ గంగారాం మూతి పక్కన చిన్న నవ్వు పుట్టడం చూశాడు. "ఒగనికి పెట్టుడు, ఒగన్ని చూస్కుంట కూసోమనుడు" అని లేచిపోయాడు. ఆ సాయంత్రం అన్నంలో ఉప్పు తక్కువైందని విమలమ్మ మీదికి కంచం విసిరాడు. అది ఆమె భుజానికి తగిలి గోడకు కొట్టుకుంది. ఆమె మెతుకులు ఏరుకుంది.

జూన్‌లో టిప్పర్లు వచ్చాయి. నల్లటి పొడి, చేతిలోకి తీసుకుంటే గోధుమపిండిలా జారిపోయేది. ట్రాక్టరు వెనక గుండ్రంగా తిరిగే మిషను దాన్ని గంగారాం మడుల్లో చిమ్మింది. గాలికి కొంత గెట్టు దాటి తమ్ముడి వైపు కూడా పడింది. నాట్లు ముందు గంగారాం వేశాడు, కూలీలు దొరక్క సిద్ధిరాములు ఆలస్యంగా వేశాడు. జులై చివరికి పై మడి నల్లపచ్చగా ఎదిగింది, కింది మడి ఇంకా పసిమిగా ఉంది.

ఆ రంగు చూసినప్పుడల్లా సిద్ధిరాములు కొత్త సంచి విప్పేవాడు. యూరియా మీద యూరియా చల్లాడు. గెట్టు మీద నిలబడి అన్న వరి వైపు చూస్తూ పండ్లు కొరికేవాడు. గంగారాం అది గమనించకుండా ఎట్లా ఉంటాడు? ఒక రోజు ఊరి కిరాణా కొట్టు దగ్గర పదిమందిలో, "మా మడిల రాయి పని చేస్తుంది. కొందరి మడిల మనిషే పని చేస్తలేడు" అన్నాడు.

మరునాడు మానస మడుల నుంచి నీళ్లు పట్టుకోవడానికి వచ్చింది. రెండు వైపులా మట్టిలోకి దింపిన గొట్టాల నుంచి నీళ్లు లాగి సీసాల్లో నింపి మూతలు పెట్టుకుంటోంది. సిద్ధిరాములు వచ్చి ఆ సీసాల డబ్బాను కాలితో తన్నాడు. సీసాలు గెట్టు మీద పడి పగిలాయి. గొట్టాన్ని పీకి మోకాలికేసి విరిచాడు.

"నా మడిల నుంచి సుక్క నీళ్లు పోనియ్య. అందరు కలిసి నన్ను పిచ్చోన్ని చేస్తున్రు!"

"కాకా, ఇదొక్కసారి..."

"నడువ్!"

గంగారాం పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఆడపిల్ల మీద నీ పౌరుషమా?" అన్నాడు. సిద్ధిరాములు అన్న గల్లా పట్టి మడిలోకి తోశాడు. ఇద్దరూ బురదలో పడి కొట్టుకున్నారు. పక్క పొలాల వాళ్లు వచ్చి విడిపించేసరికి గంగారాం ముక్కు పగిలి రక్తం కారుతోంది, సిద్ధిరాములు చెవి తమ్మె సగం తెగి వేలాడుతోంది. కొరికింది అన్న. చెయ్యి చేసుకోని మనిషి ఆ రోజు పండ్లు వాడాడు.

మానస పగిలిన సీసాలు ఏరి సంచిలో వేసుకుంది. ఆమె వేళ్లు కూడా తెగాయి. అంతకుముందు పట్టిన నీళ్లు భద్రంగా ఉన్నాయని, ఇక ఆ రెండు మడుల్లోకి రానని చెప్పి పోయింది.

ఆగస్టు ఆఖరులో వాన మొదలైంది. అది వానలా లేదు. ఆకాశాన్ని ఎవరో అడ్డంగా కోసినట్టు రాత్రంతా ఒకే ధార. తెల్లారినా తగ్గలేదు. పొలాలకు పైనున్న కుంట నిండి మత్తడి దుంకుతోంది. వాగు ఒడ్లు దాటి ఎర్రగా, చెట్లను మోసుకుంటూ ఊరి చివరి ఇండ్ల దాకా వచ్చింది. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. పొద్దున సిద్ధిరాములు గోనెసంచి నెత్తిన వేసుకుని, పార భుజాన పెట్టుకుని పొలానికి బయలుదేరాడు.

విమలమ్మ అడ్డం వచ్చింది. "పోవద్దు. పొలం పోతే పోయె."

అతను ఆమెను పక్కకు తోసి నడిచాడు. ఆమె కూడా కొంగు నెత్తిన వేసుకుని వెంట నడిచింది.

పొలం దగ్గర గంగారాం అప్పటికే ఉన్నాడు. పై మడులు నిండి నీళ్లు గెట్టు అంచున కదులుతున్నాయి. గంగారాం గెట్టును పారతో తెంచుతున్నాడు. తెగిన చోటు నుంచి నీళ్లు తమ్ముడి మడిలోకి ఉరుకుతున్నాయి. వాటితో పాటే నల్లటి మట్టి, పీకిన వరి దుబ్బులు.

"ఏయ్! ఏం చేస్తున్నవ్?"

"నీళ్లు దించకపోతే నా మడులన్నీ కొట్టుకపోతయ్."

"నా మడి పోవాల్నా?"

"నీళ్లు కిందికి పోక మీదికి పోతయా?" గంగారాం పార ఆపలేదు. వానలో ముఖం తుడుచుకుని, తమ్ముడి వైపు చూశాడు. "రాయిపొడి నీళ్లు నాకు రాలేదని ఏడ్చినవ్ గదా. ఇగో వస్తున్నయ్. కడుపునిండ తాగు."

సిద్ధిరాములు పార ఎత్తాడు.

గంగారాం తలకు అడ్డంగా కుడి చెయ్యి పెట్టాడు. పార అంచు మణికట్టుకు పైన దిగింది. ఎముక విరిగిన చప్పుడు వాన హోరులో కూడా వినబడింది. చెయ్యి వేలాడబడింది. రక్తం ముందు చిమ్మి, తరువాత మోచేతి మీదుగా ధారగా మడిలోకి కారింది. గంగారాం అరవలేదు. తన చెయ్యి ఎవరిదో అన్నట్టు దాని వైపు చూశాడు. రోడ్డు మీద నుంచి విమలమ్మ పెట్టిన కేక మాత్రం ఇద్దరికీ వినబడింది. ఆమె అంతా చూసింది.

సిద్ధిరాములు మళ్లీ పార ఎత్తాడో లేదో తరువాత ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. అతనికే తెలియదు. ఎందుకంటే అప్పుడే పైనుంచి ఒక చప్పుడు వచ్చింది. క్వారీలో విన్నటువంటిదే, కానీ ఆగకుండా దొర్లుతూ వచ్చింది. కుంట కట్ట తెగింది.

నీళ్లు గోడలా వచ్చాయి. ముందు మడులు మాయమయ్యాయి, తరువాత గెట్టు, తరువాత కాళ్ల కింది నేల. సిద్ధిరాములు మునిగి, బండకు తగిలి, పైకి తేలాడు. పక్కనే నెత్తి ఒకటి కనబడింది. జుట్టు పట్టుకున్నాడు. అన్నదో, మరెవరిదో కూడా చూడలేదు. ఇద్దరూ దొర్లుకుంటూ పోయి తుమ్మచెట్టుకు గుద్దుకున్నారు. ముండ్లు వీపులో, బుగ్గలో దిగాయి. సిద్ధిరాములు ఒక చేత్తో కొమ్మను, ఇంకో చేత్తో అన్న గల్లాను పట్టుకుని పైకి గుంజాడు.

ఆ కొమ్మల్లో అప్పటికే పాము ఒకటి చుట్టుకుని ఉంది. సిద్ధిరాములు దాన్ని మెడ దగ్గర పట్టి నీళ్లలోకి విసిరాడు. బర్రె ఒకటి కాళ్లు పైకి పెట్టి కొట్టుకుపోయింది. ఒక ఇంటి తలుపు, ఒక గ్యాసు బండ, సైకిలు. వాన ఆగలేదు.

గంగారాం చెయ్యి నుంచి రక్తం ఆగడం లేదు. సిద్ధిరాములు పండ్లతో తువ్వాల చింపి, అన్న మోచేతి కింద చుట్టి, దాంట్లో పుల్ల దూర్చి మెలిపెట్టాడు. గంగారాం అప్పుడు అరిచాడు.

"విడువ్‌రా నన్ను."

"విడువ."

"సంపనీకే వచ్చినవ్ గదా. విడువ్!"

"నోర్ముయ్యన్నా. పట్టుకో."

"ఏం చేతితోని పట్టుకోవాలె?"

సిద్ధిరాములు అన్న నడుమును తన కాళ్ల మధ్య ఇరికించుకుని, రెండు చేతులతో చెట్టును కౌగిలించుకున్నాడు. ముండ్లు అరచేతుల్లో విరిగి లోపలే ఉండిపోయాయి. గంగారాం కాసేపు తిట్టాడు, కాసేపు చనిపోయిన తల్లిని పిలిచాడు, తరువాత మాట ఆగిపోయింది. మాట ఆగినప్పుడల్లా సిద్ధిరాములు తన నెత్తితో అన్న నెత్తిని కొట్టి లేపేవాడు.

మధ్యాహ్నం దాటాక జేసీబీ నడిపే బాలరాజు వచ్చాడు. విమలమ్మ ఊళ్లోకి పరుగెత్తి అతన్ని తీసుకొచ్చింది. బాలరాజు బండిని నీళ్లలోకి దింపి, ముందు తొట్టిని చెట్టు కిందికి చాపాడు. ఇద్దరినీ దాంట్లో పడుకోబెట్టుకుని బయటికి తెచ్చాడు. కామారెడ్డి రోడ్డు తెగిపోయింది. అదే జేసీబీలో, తెగిన కల్వర్టుల పక్కనుంచి పొలాలకు అడ్డం పడి ఎల్లారెడ్డి ఆసుపత్రికి చేరారు. డాక్టర్లు ప్రాణం నిలబెట్టారు. పెద్దాసుపత్రికి దారి దొరికేసరికి చెయ్యి నల్లబడిపోయింది. మోచేతి కిందికి తీసేశారు.

పోలీసులు ఆసుపత్రికి వచ్చారు. వరదలో రేకు కోసుకుందని చెప్పమని బంధువులు గంగారాంకు ముందే నూరిపోశారు. సిద్ధిరాములు వార్డు బయట గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రెండు చేతులకూ కట్లు ఉన్నాయి. తలుపు తెరిచే ఉంది.

"దెబ్బ ఎట్ల తగిలింది?" అని అడిగాడు ఎస్సై.

గంగారాం తెరిచిన తలుపు వైపు చూశాడు. "నా తమ్ముడే కొట్టిండు. పారతోని" అన్నాడు. "నా తమ్ముడే పట్టుకున్నడు. రెండూ రాసుకో సారు. ఒక్కటే రాస్తే నేను నిషాని పెట్ట."

అప్పటికి ఆయనకు వేలిముద్ర వెయ్యడానికి ఎడమ చెయ్యి మాత్రమే ఉంది.

బయట ఉన్న సిద్ధిరాములు లేచి వచ్చి పోలీసుల ముందు నిలబడ్డాడు. "ఆయన చెప్పింది నిజమే" అన్నాడు.

చలికాలం మధ్యలో సిద్ధిరాములు జైలు నుంచి బెయిలు మీద వచ్చేసరికి ఇంటికి తాళం ఉంది. విమలమ్మ బీబీపేటలో కూతురి దగ్గర ఉంటోంది. పొలానికి పోయి చూస్తే పొలమే లేదు. నడుం ఎత్తు ఇసుక మేట, రాతిగుండ్లు, విరిగిన చెట్లు. పై మడి ఏదో, కింది మడి ఏదో గుర్తు పట్టడానికి లేదు. రెంటి మధ్య గెట్టు ఉండేదన్న ఆనవాలే పోయింది.

అతను వచ్చాడని తెలిసి మానస వచ్చింది. ఆ ఊళ్లో సంస్థ పని ఆగిపోయింది. వేసిన పొడి వేసిన చోట లేనప్పుడు ఇక కొలిచేది ఏముంది? అయినా ఆమె ఒక సంగతి చెప్పాలని వచ్చింది. దూరంగా, అతని చేతికి అందనంత దూరంలో నిలబడి చెప్పింది.

"కాకా, వాన ముందు పట్టిన నీళ్లను పరీక్ష చేసినం. మీ మడి నీళ్లల్ల కూడ రాయి కరిగిన గుర్తులు ఉన్నయ్. గంగారాం పెదనాయన మడిల ఉన్నంత ఉన్నయ్, ఇంచుమించు."

"నా మడిల పొడి ఎయ్యలేదు గదా."

"వెయ్యలేదు. గెట్టు మరీ పల్చగైంది, ఎండ్రికాయలు బొక్కలు పెట్టినయ్. పై మడి నీళ్లు మొదటినుంచి మీ మడిలకే దిగుతున్నయ్. మేమే చూసుకోలేదు. ఆ మడిని పొడి వెయ్యని మడి అనుకునుడే మా తప్పు."

"మరి అన్న వరి అంత పచ్చగ ఎందుకున్నది?"

"ముందుగాల నాటేసిండు గదా. పొడి పని అంత తొందరగ కండ్లకు కనబడది కాకా."

సిద్ధిరాములు పక్కనున్న గుండును గుద్దాడు. ఒకసారి కాదు. పిడికిలి తోలు చీలి, ముండ్లు దిగిన పాత గాయాలు మళ్లీ తెరుచుకునేదాకా గుద్దాడు. మానస వెనక్కి తగ్గింది, కానీ పోలేదు. అతను అలిసిపోయి ఇసుకలో కూర్చున్నాక తన నీళ్ల సీసాను దూరం నుంచే అతని వైపు దొర్లించింది.

"ఆ పొడంత ఏమైంది?" అన్నాడు చివరికి.

"వాగులకు పోయింది. మంజీరల, నిజాంసాగర్ అడుగున ఉంటది. రాయి ఎక్కడ పడ్డా కరుగుతది కాకా, దాని పని అది చేస్తది. ఇంత పని అయిందని మేం చెప్పలేం, అంతే."

"వాన గిట్ల కొట్టింది గూడ ఆ పొగతోనేనా?"

"ఈ ఒక్క వానకు అదే కారణమని నేను చెప్పలేను. కానీ గాలి వేడెక్కితే గిసుంటి వానలు ఎక్కువైతయ్."

ఆ తరువాతి వారం నుంచి సిద్ధిరాములు రాళ్లు ఏరడం మొదలుపెట్టాడు. అన్న మడి ఉందనుకున్న చోట మొదలుపెట్టాడు. మోయగలిగిన గుండును మోశాడు, మోయలేనిదాన్ని దొర్లించాడు. ఇసుకను తట్టల్లో ఎత్తి వాగు ఒడ్డున పోశాడు. ఊళ్లోవాళ్లు చూసి పోయేవాళ్లు, ఎవరూ పలకరించేవాళ్లు కాదు.

ఒక పొద్దున గంగారాం వచ్చాడు. కుడి చొక్కా చెయ్యి మడిచి పిన్నీసు పెట్టి ఉంది.

"నా పొలంల అడుగు పెట్టకు."

సిద్ధిరాములు వంగి తట్ట నింపుతూనే ఉన్నాడు.

గంగారాం ఎడమ చేతితో రాయి తీసి విసిరాడు. అలవాటు లేని చెయ్యి. మొదటిది పక్కన పడింది. రెండోది నుదుటికి తగిలి చీల్చింది. రక్తం కంట్లోకి దిగింది. సిద్ధిరాములు తల ఎత్తాడు. పిడికిళ్లు బిగిశాయి, దవడ కదిలింది. గంగారాం మూడో రాయి పట్టుకుని నిలబడి ఉన్నాడు. తమ్ముడు మీదికి రావాలనే కోరుకుంటున్నట్టు ఉంది ఆయన చూపు. సిద్ధిరాములు కంటిని మోచేతితో తుడుచుకుని, తట్ట ఎత్తుకుని వాగు వైపు నడిచాడు.

గంగారాం అలా ఇంకా కొన్ని పొద్దులు వచ్చాడు. రాళ్లు కొన్నిసార్లు తగిలాయి, కొన్నిసార్లు తప్పాయి. తరువాత విసరడం మానేశాడు. రాకుండా మాత్రం ఉండలేదు. ఎత్తైన గుండు మీద కూర్చుని బీడీ వెలిగించుకునే తంటాలు పడుతూ చూసేవాడు. అగ్గిపెట్టె మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఒక్క చేత్తో పుల్ల గీయడం ఆయనకు అప్పటికింకా రాలేదు. సిద్ధిరాములు వెలిగించి ఇవ్వబోయినప్పుడు బీడీని ఇసుకలో పారేశాడు.

ఈ ఎండాకాలానికి కొంత నేల తేలింది. కేసు కామారెడ్డి కోర్టులో నడుస్తోంది. వాయిదా రోజున విమలమ్మ కూడా వచ్చింది. కోర్టు ఆవరణలో, చింతచెట్టు నీడలో కూతురితో కూర్చుని ఉంది. సిద్ధిరాములు కొంచెం ఎడంగా వచ్చి నిలబడ్డాడు. వాన రోజు తరువాత ఆమెను చూడడం అదే మొదటిసారి. మనిషి కొంచెం తేరుకున్నట్టు కనిపించింది.

"మంచిగున్నవా?" అన్నాడు.

"ఉన్న." ఆమె కొంగు సర్దుకుంది. "నన్ను సాక్షి రాసిన్రు. నేను చూసింది చూసినట్టు చెప్తా. పార ఎత్తింది చెప్తా, ఏసింది చెప్తా."

కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది. నలుగురిలో కూడా తండ్రి చెయ్యి లేస్తుందని ఆ పిల్లకు భయం.

"చెప్పు" అన్నాడు సిద్ధిరాములు.

"శిక్ష పడ్తదంటున్రు."

"పడనీ."

"శిక్షయి వచ్చినంక నేను ఇంటికి వస్తనని అనుకోకు. వస్తనో రానో నాకే తెల్వదు."

లోపలినుంచి ఆమె పేరు పిలిచారు. విమలమ్మ లేచి, చెప్పులు సరిచేసుకుని, అతని పక్కనుంచే మెట్లెక్కి పోయింది. ఆమె పక్కనుంచి పోతున్నప్పుడు అతను అడ్డం తొలగి దారి ఇచ్చాడు.